పేరు లేని ఐదో నంబరు

సాయంత్రం నాలుగు కావస్తోంది. ఆ పూట ఆమె మోడెమ్‌ని తిట్టడం అది మూడోసారి. డాక్టర్లు మాట్లాడి పంపే రికార్డింగులు విని, టైపు చేసి పంపడం ఆమె ఉద్యోగం. ఒక్కో ఫైలు సగం ఎక్కాక నెట్ ఆగిపోతుంటే తల ప్రాణం తోకకొస్తోంది. పైగా లోపలి గదిలో ఆరేళ్ళ కూతురు చిట్టి మూడు రోజుల జ్వరంతో పడుకుని ఉంది. లారీ తీసుకుని వెళ్ళిన భర్త రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది.

ఇక లాభం లేదని తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ఇళ్ళకు నెట్ కనెక్షన్లు పెట్టే పని చేస్తాడు.

"మీ ఇంట్లో రెండు వస్తువులు ఒకే నంబరు కోసం కొట్టుకుంటున్నాయక్కా," అన్నాడు. "దేనికి దానికి ఓ నంబరు రాసిచ్చేస్తే గొడవుండదు. నేను చెప్పినట్టు చెయ్యి."

"అవన్నీ నాకొస్తే నీతో పనేంటిరా?"

"వంట నేర్చుకునేటప్పుడూ ఇలాగే అన్నావు. నాలుగు రోజులు మాడ్చావు, నేర్చుకున్నావు."

అతను చెప్పినట్టే కంప్యూటర్లో 192.168.1.1 అని కొట్టి, లోకల్ నెట్‌వర్క్ సెట్టింగుల పేజీ తెరిచింది. నాలుగు వరసలు కనిపించాయి. ఆ ఇంట్లో వస్తువులకు ముద్దుపేర్లు పెట్టడం అలవాటు. ఆమె ఫోను 'అమ్మ'. కంప్యూటరు 'ఆఫీసు'. టీవీ 'నాన్న', ఎందుకంటే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన దాని ముందు నుంచి లేవడు. ఒకటో నంబరు మోడెమ్‌దే కాబట్టి ఐదో నంబరు పట్టుకున్న నాలుగో వరసకి మాత్రం పేరు లేదు.

"అది పాప టాబ్లెట్టే అయ్యుంటుంది," అన్నాడు తమ్ముడు. "పేరు పెట్టి, ఈ నంబరు ఎప్పటికీ దీనిదే అన్న గడిలో టిక్కు కొట్టు."

ఆమె 'చిట్టి' అని రాసింది. టిక్కు కొట్టి సేవ్ చేసింది. మోడెమ్ ఓసారి ఆరి వెలిగింది. ఆ తర్వాత నెట్ ఎంత చక్కగా వచ్చిందంటే, గంట నుంచి మొరాయిస్తున్న ఫైలు నిమిషంలో వెళ్ళిపోయింది. ఉద్యోగం నిలబడిందనుకుని ఊపిరి పీల్చుకుంది.

చిట్టికి మందు వేసే వేళయింది. గదిలోకి వెళ్ళి సీసా కోసం అలమర తెరిచింది. మందు పక్కనే టాబ్లెట్ ఉంది. జ్వరం మొదలైన రోజున తనే లాక్కుని అక్కడ పెట్టింది. బటన్ నొక్కింది. ఛార్జింగ్ ఎప్పుడో అయిపోయింది.

మరి ఐదో నంబరు ఎవరిది?

హాల్లోకొచ్చి తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేసింది.

"పక్కింటివాళ్ళెవరో దూరి ఉంటారు. తీసెయ్," అన్నాడతను తేలిగ్గా.

తీసేసింది. పేజీ మళ్ళీ తెరిచేసరికి 'చిట్టి' అక్కడే ఉంది. ఇంకోసారి తీసేసింది. ఉంది.

"వైఫై మీదుందా, వైరు మీదుందా చూడు."

"వైరు అని ఉందిరా. మూడో పోర్టట."

గోడ బల్ల మీదున్న మోడెమ్‌ని వెనక్కి తిప్పి చూసింది. వైరు గుచ్చే కన్నాలు నాలుగున్నాయి. మొదటిదాంట్లో కంప్యూటర్ వైరుంది. మిగతా మూడూ ఖాళీ. ఖాళీగా ఉన్న మూడోదాని దీపం మాత్రం టపటపా కొట్టుకుంటోంది. అందులోంచి ఏదో వాసన వస్తోంది... చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిస్తే వచ్చేలాంటి వాసన.

"వైరు లేదురా," అంది గొంతు తగ్గించి.

"వైరు లేకుండా ఆ దీపం వెలగదక్కా," అన్నాడు తమ్ముడు. "నేను బయలుదేరుతున్నాను. వచ్చి రీసెట్ కొట్టేస్తా. పెట్టిన పేర్లన్నీ పోయి, అంతా మొదటికొస్తుంది."

ఆమెకు ఎందుకో కూతురి గొంతు వినాలనిపించింది. "చిట్టీ," అని పిలిచింది.

"ఊఁ... అమ్మా."

పలికింది. కానీ గదిలోంచి కాదు. ఆమె వీపు వెనక నుంచి, టీవీకి, గోడకి మధ్య బెత్తెడు సందులోంచి.

గదిలోకి పరుగెత్తింది. పిల్ల మంచం మీదే ఉంది, కళ్ళు తెరిచే ఉంది.

"చిట్టీ, నిన్నే పిలిచాను కదే. పలకవేం?"

పిల్ల ఆమె మొహంలోకి వింతగా చూసింది.

"చిట్టి ఎవరమ్మా?"

పిల్లకి జ్వరం తలకెక్కిందేమో అనుకోవాలని ఎంతో ప్రయత్నించింది. ఏడ్చుకుంటూ హాల్లోకొచ్చి, మోడెమ్ ప్లగ్గు పీకి పారేసింది. దీపాలు ఆరాయి. నెట్ మీద నడుస్తున్న తమ్ముడి కాలూ కట్టయింది. తలుపులోంచి మంచం కనిపిస్తూనే ఉంది. పిల్ల కనురెప్పలు సగంలో ఆగిపోయాయి. దుప్పటి కింద ఛాతీ లేవడం లేదు. ఒకటి... రెండు... మూడు... లేవడం లేదు.

వెంటనే ప్లగ్గు మళ్ళీ గుచ్చింది. ఒక్కో దీపం వెలుగుతూ వచ్చింది. మూడో కన్నం దీపం వెలిగాక పిల్ల ఊపిరి తీసుకుంది.

ఆమెకు అర్థమైంది. రీసెట్ కొట్టకూడదు. పిల్ల పేరు తన చేత్తో తనే రాసిచ్చింది, ఎప్పటికీ అని కూడా చెప్పింది. ఇప్పుడు దాన్ని తీస్తే పిల్ల పోతుంది. ఉంచితే ఏమవుతుందో తెలియదు. తమ్ముణ్ణి ఆపాలి, ముందు అది చాలు.

ఫోను మోగింది. అతనే.

"ఒరేయ్, రావద్దు. వచ్చినా రీసెట్ చెయ్యొద్దు. విను, చిట్టి ఊపిరి..."

"సరే చిట్టీ," అన్నాడు తమ్ముడు నవ్వుతూ. "అమ్మ నిద్రపోతోందా? లేపకు, పడుకోనీ. నేను మీ వీధి చివరే ఉన్నా."

"నేనురా, అక్కని. నేను మాట్లాడుతున్నా."

"అలాగే. తలుపు నువ్వే తీస్తావా? నా బంగారం."

కట్టయింది. ఆమె గదిలోకి వెళ్ళి పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. ఎత్తుకుని బయటికి పోవాలని లేచేలోగా గది తలుపు మెల్లగా మూసుకుంది. అవతల వైపు గడియ పడింది. గుద్దింది, తన్నింది, భుజం వాచేదాకా తోసింది. పిల్ల మాత్రం ఎవరో తెలియని మనిషిని చూసినట్టు ఆమెను చూస్తూ కూర్చుంది.

వీధి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చెప్పులు విప్పిన చప్పుడు.

"మావయ్యా," అంది హాల్లో చిట్టి గొంతు.

"ఒరేయ్ తమ్ముడూ," అని ఆమె ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచింది. తన అరుపు తనకి వినిపించింది. హాల్లో మాటలు మాత్రం ఆగలేదు.

"జ్వరం తగ్గిందే నీకు. అమ్మేదీ, లోపలుందా?"

"లోపల ఎవరూ లేరు మావయ్యా."

తమ్ముడు నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది.

"పోయిన వారమేగా చూశాను... ఇంత పొడుగెప్పుడయ్యావే? నేనే తలెత్తి చూడాల్సొస్తోంది."