దొండపాదు కింద తడి

చెరుకుపల్లికి కాపురానికొచ్చినప్పటినుంచీ రూబీకి ఒక్క సంగతి అంతుపట్టలేదు. పెరట్లో ప్రహరీ గోడ పక్కింటివైపే ఎందుకు ఒరుగుతోంది?

ఆ పొద్దున ఆమె కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చేసరికి గోడ అవతల్నుంచి కేక వినపడింది. అత్తగారి తోడికోడలు శోభారాణి.

"కొండమ్మా! మొన్న భూమి కాస్త అదిరితేనే ఇటుకలు రాలాయి. ఇక్కడ నా మనవరాలు పింకీ ఆడుకుంటది. దానికేమన్నా అయితే ఊరుకుంటాననుకున్నావా?"

"నా గోడ నిక్షేపంలా కట్టించా! అటుపక్క మట్టి నువ్వే తవ్వుంటావక్కా!" అని రూబీ అత్తగారు కొండమ్మ చెంబు విసురుగా పెట్టింది.

ఈ తగాదా ఎప్పుడో కోళ్ల దగ్గర మొదలైంది. శోభారాణి కోళ్లు తాటాకు దడి దూరి వచ్చి కొత్తిమీర మడి కెలికాయి. మాటామాటా పెరిగింది. కొండమ్మ పంతం కొద్దీ దడి పీకించి గోడ లేపింది. అప్పట్నుంచి కేకలే తప్ప మాటల్లేవు.

"పెద్దత్తయ్యా, ఒక్కసారి చూడనివ్వండి" అంటూ రూబీ పక్కింట్లోకి వెళ్లింది. గోడ మొదట్లో నేల బీటలు వారి ఉంది, చెయ్యి దూరేంత. తిరిగొచ్చి ఇటువైపు చూస్తే గోడ వారనున్న దొండపాదు మొదట్లో కాలు బురదలో దిగబడింది. ఓరి దేవుడా, ఇదా సంగతి! నల్లరేగడి తడిస్తే పొంగుతుంది, ఎండితే కుంగుతుంది. ఇటు లేచి అటు కుంగితే గోడ ఒరగక ఏం చేస్తుంది?

"అత్తయ్యా, గోడని తోసింది ఎవరో కాదండి. దొండపాదుకి మీరు పోసే బిందెల నీళ్లు."

"నేనా!"

"అసలన్ని నీళ్లెందుకండి? తీగంతా అటే ఎక్కిస్తారు, ఇటు ఒక్క కాయా కొయ్యరు."

కొండమ్మ తీగ కొసను గోడ మీదికి సర్దుతూ అంది. "అక్కకి దొండకాయ వేపుడంటే ప్రాణమే. గిన్నెతో ఇద్దామంటే మొహం చెల్లలేదు. పాదైనా వెళ్తదిలే అని..."

గోడ అవతల శోభారాణి ముక్కు చీదిన శబ్దం.

"పిచ్చిమొహమా! నాకు తెలీదనుకున్నావా? ఒక్క కాయా పండనివ్వకుండా కోసి వండుకుంటున్నా."

కొండమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. రూబీకీ కళ్లు చెమర్చాయి.

ఆ వారమే రూబీ భర్త డేనియల్ గోడను పైనుంచి ఒక్కో వరసా విప్పించాడు. నేల పొంగినా, అదిరినా తట్టుకునేలా గుంజలు లోతుగా పాతించి, తేలికపాటి ఇనుప వల బిగిస్తున్నాడు.

"ఇక్కడ గిన్నె పట్టేంత సందు వదల్రా" అంది కొండమ్మ.

"కోళ్లొస్తాయమ్మా!"

"రానీరా" అంది.