పూజ రోజు బిగించిన బోల్టు

దసరా మరుసటి రోజు తెల్లారేసరికే అక్కమ్మ ఇంట్లో బొరుగుల ఉగ్గాణి తాలింపు ఘుమఘుమలాడుతోంది. హిందూపురం శివార్లలో ఉన్న ఆ ఇంటి పంచలో ట్రాక్టరు, మోపెడు, నీళ్ల మోటారు, వాటి పక్కనే ఆ ఇంటి కూతురు పవిత్ర తొక్కే రేసు సైకిలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆయుధపూజకు పెట్టిన విభూతి పట్టెలు ఇంకా చెరగలేదు. బంతిపూల దండలు మాత్రం వాడిపోయాయి.

"వదినా, నా నీళ్ల బాటిలు యాడుండాది?"

"నీ సంచిలోనే పెట్టినా. రవంత ఉగ్గాణి తిని పో."

"రేసుకు ముందర ఉగ్గాణా? కడుపులో రాయి మాదిరి కూర్చుంటాది."

"అరటిపండు తిని పెనుకొండ ఎక్కుతారంట! మా అమరాపురంలో చెప్తే నవ్వుతారు," అంటూ భాగ్య ఆడబిడ్డ చేతిలో రెండు పండ్లు పెట్టింది.

భాగ్య ఈ ఇంటి కోడలు. ఆమె భర్త గిరి బెంగుళూరులో ఒక సైకిళ్ల షాపులో మెకానిక్కు. వారానికోసారి ఇంటికొస్తాడు, వచ్చినవాడు పెళ్లాంతో మాట్లాడేకంటే చెల్లెలి సైకిలుతో మాట్లాడేదే ఎక్కువ. ఆ కార్బన్ సైకిలు అతనే ఎక్కడో సెకండ్ హ్యాండులో కొని, తన చేతులతో పార్టు పార్టూ అమర్చి పవిత్రకిచ్చాడు. ఒక ఆదివారం పొద్దంతా అతను దాని ముందే కూర్చుంటే భాగ్యకు ఒళ్లు మండి, "ఇది ఇరిగిపోతే గానీ నా మొగుడు నాకు దక్కడు," అనేసింది. ఏ పెళ్లామైనా అనే మాటే. కానీ అత్త అక్కమ్మ ఆ మాటను మనసులో భద్రంగా దాచిపెట్టుకుంది. కోడళ్ల మంచి పనులను మాత్రం అత్తలు అంత భద్రంగా దాచుకోరు.

ఆ రోజు పెనుకొండ నుంచి ధర్మవరం రోడ్డులో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ. పవిత్ర వయసు వాళ్లకు ఇదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడాది పెద్దవాళ్ల విభాగంలోకి పోతే ఆమెను పట్టించుకునేవాళ్లుండరు. నాలుగేళ్లుగా చీకటితోనే లేచి ఆ రోడ్ల మీద తొక్కింది ఈ పొద్దు కోసమే. రేసుకు ముందు కాళ్లకు విశ్రాంతి కావాలని ఆమె రెండు రోజులుగా సైకిలెక్కలేదు. పూజ చేసిన బండిని దసరా దాటేదాకా కదిలించకూడదని నాయన కూడా అన్నాడు.

నాయన సంజీవప్ప సైకిలును తనే ఎత్తి టెంపోలో పెట్టాడు. హ్యాండిలు పట్టుకుని ఒకసారి గట్టిగా ఊపి, కదలలేదని తృప్తిగా తలాడించాడు. వంటింటి గడపలో నిలబడిన భాగ్య ఏదో చెప్పబోయింది. మామ ఆమె వైపు చూడకుండా టెంపో ఎక్కేశాడు.

* * *

పెనుకొండలో బయలుదేరే చోటికి కొంచెం ముందే చేరారు. పవిత్ర కాళ్లు వేడెక్కించుకోవడానికి రోడ్డు మీద నాలుగు చుట్లు తిరిగింది. బలంగా లేచి తొక్కిన ప్రతిసారీ హ్యాండిలు కింద ఏదో 'కిర్రు' మంది. ఎండుపుల్లను మెల్లగా వంచినట్టు ఉంది ఆ చప్పుడు.

సైకిళ్లు తనిఖీ చేసే పెద్దాయన వంగి చూశాడు. ముందు చక్రాన్ని పట్టి ఉండే ఫోర్కుకు పైన ఒక గొట్టం ఉంటుంది. హ్యాండిలును ఆ గొట్టానికి కరిపించి పట్టేదాన్ని స్టెమ్ అంటారు. ఆ స్టెమ్ అంచు కింద గొట్టాన్ని ఆయన వేలితో తడిమాడు. వెంట్రుకంత గీత.

"పాపా, ఇది ఎక్కొద్దు."

"చిన్న గీతే కదా సార్. ఈ ఒక్క రేసు..."

"ఇనుమైతే వంగుతుంది. కార్బన్ వంగదమ్మా, చెప్పకుండా విరుగుతుంది. దిగుడులో విరిగితే నిన్ను ఎత్తి తీసుకుపోవాల."

పవిత్ర అందరినీ అడిగింది. ఆమె పొడుగుకు సరిపోయే సైకిలు ఎవరి దగ్గరా అదనంగా లేదు. ఈల వేశారు. అమ్మాయిలందరూ గుంపుగా ధర్మవరం వైపు కదిలిపోయారు. ఆమె రోడ్డు పక్కన సైకిలు పట్టుకుని, వాళ్ల వీపులు కనబడేంతవరకు చూస్తూనే ఉంది. వెనక నిలబడిన సంజీవప్ప ఆమె పక్కకు రాలేదు.

* * *

ఇంటికొచ్చాక పవిత్ర ఏడవలేదు. సైకిలును పంచలో ఆనించి, అక్కడే నేల మీద కూర్చుంది. అక్కమ్మే అందుకుంది.

"మంచిగున్న సైకిలు ఊరికే ఎట్లా పగులుతాది? పూజ నాడు పంచ కడిగేటప్పుడు దాన్ని పడేసింది ఎవరు? దబ్ మన్న సప్పుడు నేను ఇనలేదనుకొన్నావా భాగ్యా?"

"పడిపోలేదత్తా. జారితే పట్టుకున్నా. పడింది నీళ్ల బకెట్టు."

"బకెట్టో, బండో! ఇరిగిపోవాలని నోరారా అంటివి కదా. అయ్యింది కదా నీ కోరిక!"

పవిత్ర తలెత్తింది. పొద్దున నవ్వుతూ పండ్లిచ్చిన వదిన ముఖం ఇప్పుడు ఆమెకు వేరేగా కనబడింది. కష్టంలో ఉన్నవాళ్లకు ఎవరో ఒకరు దోషి కావాలి, ఆ దోషి ఇంటికి పరాయిదైతే ఇంకా సులువు.

"వదినా, నిజం చెప్పు. పడింటే పడిందని అప్పుడే చెప్పి ఉంటే అన్న వచ్చి చూస్తాండె కదా? నాలుగేండ్లు వదినా! నాలుగేండ్లు తొక్కినా నేను!"

భాగ్య నేరుగా మామ వైపు చూసింది. సంజీవప్ప స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఇంటి పక్కనున్న మల్బరీ తోట వైపు తల తిప్పుకున్నాడు.

అప్పుడే గిరి ఫోను చేశాడు. తల్లి చెప్పిందంతా విని, "దానికి ఇయ్యమ్మా ఫోను," అన్నాడు. పెళ్లాం గొంతు వినకముందే అరిచాడు. "నీ కుళ్లు నా మింద చూపించాల్సింది భాగ్యా, ఆ పిల్ల మింద గాదు!"

భాగ్య ఫోను తిరిగి అత్త చేతిలో పెట్టింది. లోపలికి పోయి రెండు చీరలు సంచిలో వేసుకుంది.

"యాడికి పోతాండావు?" అంది అక్కమ్మ.

"అమరాపురానికి."

గడప దాటేముందు ఆమె ఇంకోసారి మామ వైపు చూసింది. అప్పుడైనా ఆయన ఒక్క మాట అనుంటే ఈ కథ అక్కడితో ముగిసేది. ఆయన తోట వైపే చూస్తూ ఉన్నాడు.

* * *

మధ్యాహ్నానికి గిరి బెంగుళూరు నుంచి వచ్చాడు. పెళ్లాం ఏదని అడగలేదు, నేరుగా సైకిలు దగ్గర కూర్చున్నాడు. స్టెమ్ బోల్టు తిప్పబోతే అలెన్ కీ కదల్లేదు. పళ్లు బిగబట్టి తిప్పితే 'ఠక్' మని వదిలింది.

"ఎవురు బిగించినారు దీన్ని ఇట్లా?" అన్నాడు.

స్టెమ్ పైకి లాగితే సర్రున ఊడివచ్చింది. గొట్టం నిండా పచ్చటి గ్రీజు. ట్రాక్టరుకు కొట్టే గ్రీజు. గొట్టం లోపల గోడలకు బిగుసుకుని, దానికి ఎముకలాగా ఆసరా ఇవ్వాల్సిన ప్లగ్గు కూడా గ్రీజు పూసుకుని వదులుగా గలగలలాడుతోంది. దాని మూతికి చిన్న గంధం బొట్టు. బొట్టు మీద కుంకుమ.

అన్నాచెల్లెళ్లు ఆ బొట్టు వైపే చూశారు. ఈ ఇంట్లో ప్రతి యంత్రాన్నీ విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, లోపలి పార్టుకు సైతం బొట్టు పెట్టి పూజ చేసే మనిషి ఒక్కడే.

"నాయనా," అంది పవిత్ర.

సంజీవప్ప మెల్లగా వచ్చి సైకిలు ముందు కూలబడ్డాడు.

"పూజ నాడు అన్నిటికీ చేసినట్లే దీనికీ చేస్తిని. గ్రీజు పెట్టినాంక హ్యాండిలు తిరిగిపోతాండె. చక్రం కాళ్ల మధ్య పెట్టి ఊపితే నిలబడలే. దిగుడులో నా బిడ్డ పోతాంటే హ్యాండిలు చేతికి ఊడొస్తే ఏం గతి అని భయమైపాయ. ఆ కీకి ఇనుప పైపు తగిలించి బిగిస్తి. టిక్ మన్నాది. బాగా పట్టిందిలే అనుకొంటి."

"టిక్ మన్నది బోల్టు గాదు నాయనా. గొట్టం," అన్నాడు గిరి. "దీనికి గ్రీజే పెట్టకూడదు. ఇసుక మాదిరి గరగరలాడే పేస్టు ఉంటాది, అది పూస్తే తక్కువ బిగింపుకే పట్టుకుంటాది. దేన్నైనా గట్టిగా బిగిస్తే మంచిదని నీకు ఎవురు చెప్పినారు?"

"నాకు తెలిసిందే అది గదప్పా."

"వదిన చూసిందా?" అని అడిగింది పవిత్ర.

"పక్కనే పంచ కడుగుతాండె. 'మామా, ఆయన దాన్ని ముట్టొద్దన్నాడు,' అనె. నాకు తెల్దా, గమ్మునుండు అంటి. పైపు ఏసినప్పుడు గూడా, 'చాలు మామా, చాలు,' అనె. నేను ఇనలే."

"మరి పొద్దున ఎందుకు చెప్పలేదు? ఆమెను మేమందరం పీక్కుతింటాంటే ఎందుకు చెప్పలేదు నాయనా?"

"నీ రేసు పోగొట్టింది నేనే అని నీ ముందర ఎట్లా చెప్పేది?" సంజీవప్ప భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "నువ్వు నన్ను ఇంగ నాయనా అని పిలవవేమో అని..."

పవిత్రకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అది రేసు కోసం కాదు. తను వదినను అడిగిన తీరు గుర్తొచ్చి. గిరి మాత్రం గ్రీజు చేతులతోనే నుదురు కొట్టుకున్నాడు.

* * *

మరుసటి రోజు సంజీవప్ప ఒక్కడే బస్సెక్కి అమరాపురం పోయాడు. వియ్యంకుడు కుళ్లాయప్ప కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"తప్పు నాది. నా కోడలు చెప్పినా నేను ఇనలే. ఆమె మింద నింద పడితే నోరు తెరవలే," అన్నాడు అందరి ముందు.

భాగ్య గుమ్మంలో నిలబడి వింది.

"నువ్వు బిగించింది నాకు బాధ గాదు మామా. బిడ్డ మింద భయంతో చేసినావు. నేను రెండు తూర్లు నీ ముఖం చూసినా. రెండు తూర్లూ నువ్వు తోట చూసినావు. అదే నా మనసులోంచి పోవడం ల్యా."

ఆమె ఆయనకు అన్నం పెట్టింది, కానీ ఆయనతో తిరిగి రాలేదు.

* * *

గిరి రెండుసార్లు పోయి బతిమాలాక, దీపావళి ముందు భాగ్య వచ్చింది. వచ్చింది గానీ పాత భాగ్య రాలేదు. అన్ని పనులూ చేస్తుంది, అడిగినదానికే మాట్లాడుతుంది. అత్త ఏదైనా గొణిగితే ఇప్పుడు తలెత్తి చూస్తుంది. రాష్ట్ర జట్టు పేర్లు ఎప్పుడో వచ్చాయి, వాటిలో పవిత్ర పేరు లేదు. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే సంజీవప్పకు పెద్ద శిక్ష అయింది.

ఆ ఆదివారం గిరి కొత్త ఫోర్కు తెచ్చి పంచలో అమర్చాడు. గొట్టాన్ని పొడిగా తుడిచాడు. ప్లగ్గు లోపల బిగించి, గరగరల పేస్టు పలచగా పూసి, స్టెమ్ ఎక్కించాడు. పైన మూత బోల్టును హ్యాండిలు లొడలొడలాడకుండా ఉండేంతవరకే తిప్పాడు. ఇక మిగిలింది స్టెమ్ బోల్టులు రెండే. వాటికోసం టార్క్ రెంచి తీశాడు. పెట్టిన కొలత చేరగానే టక్కుమని చెప్పే పానా అది.

సంజీవప్ప దూరంగా ట్రాక్టరు చక్రం పక్కన కూర్చుని చూస్తున్నాడు. నిజం బయటపడిన నాటి నుంచి ఆయన ఆ సైకిలు నీడను కూడా తొక్కలేదు.

"నాయనా, నువ్వు రా," అని పిలిచింది పవిత్ర.

"నేను ముట్టనమ్మా. నా చేతులు మంచివి గావు."

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ భాగ్య వచ్చింది. ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడింది.

"రా మామా. నువ్వే బిగించు."

ఆయన లేచి వచ్చాడు. ఆయన చేతిలో ఆ పానా బొమ్మలాగా ఉంది. గిరి చెప్పినట్టు ఒక బోల్టు కొంచెం, రెండో బోల్టు కొంచెం, మళ్లీ మొదటిది, అలా మార్చి మార్చి తిప్పాడు. 'టక్' మంది. ఆయన అలవాటు చొప్పున భుజం ఇంకా ముందుకు వాలింది. ఇంత తేలికగా తిప్పింది బిడ్డను మోస్తుందా అని ఆ చేతికి నమ్మకం కుదరలేదు.

"చాలు మామా," అంది భాగ్య.

ఆయన చెయ్యి ఆగిపోయింది. పానా కింద పెట్టి, తలెత్తి కోడలి ముఖంలోకి చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

"చాలమ్మా," అన్నాడు.

భాగ్య చక్రం వదల్లేదు. "రెండోది ఉండాది. అదీ టక్ మననీ," అంది.