పదకొండో మంచం బుస

ఆ గుండె ఆసుపత్రిలో పదకొండో మంచానికున్న చెడ్డపేరు శవాల గదికి కూడా లేదట. తొడ దగ్గర రక్తనాళంలోంచి గొట్టం పంపి గుండెకు వైద్యం చేశాక, రోగుల్ని ఆ మంచం ఉన్న వార్డులో పడుకోబెడతారు. పదకొండులో పడుకుంటే మాత్రం రాత్రి పక్కనే ఎవరో బుసకొట్టేవారట... తెల్లారేసరికి తొడ కమిలి వాచేదట. ఏడాదిలో ముగ్గురికి అలాగే అయింది. ఒకాయనకు కాలే పోయింది.

పేరు వెనక బారెడు డిగ్రీలున్న పెద్ద డాక్టరు కూడా తన బావమరిదికి ఆ మంచం వద్దన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

కొత్తగా వచ్చిన నర్సు ఇదంతా విని మూతి విరిచింది.

ఒక రాత్రి రెండున్నరకు పదకొండో మంచం మీంచి గొంతు వినిపించింది. బట్టలు కుట్టి బతికే ఓ పెద్దావిడ ఉంది అక్కడ.

"అమ్మాయ్... దుప్పట్లో ఏదో ఉంది. నా తొడ మీద కొట్టుకుంటోంది—"

బల్ల దగ్గరున్న పెద్ద నర్సు కదల్లేదు. "నువ్వెళ్లు. నేను రాను," అని గొణిగింది.

మూతి విరిచిన పిల్లే వెళ్లింది. దుప్పటి అంచు పట్టుకుంది... లాగేసింది.

గజ్జలో నిమ్మకాయంత గడ్డ. దానంతటదే ఎగిరెగిరి పడుతోంది. స్టెతస్కోపు ఆనించింది.

బుస్... బుస్... బుస్...

దెయ్యమూ లేదు, పాడూ లేదు. గొట్టం తీసిన రంధ్రం మూసుకోక, రక్తం బయటికి చిమ్మి కండలో సంచి కడుతోంది. అది పగిలిందా, ఆవిడ తెల్లవారడం చూడదు.

నర్సు అక్కడే చేత్తో అదిమిపట్టి, డాక్టరుకు ఫోను చెయ్యమని కేక వేసింది.

"గొట్టం తీశాక ఎంతసేపు అదిమారు పెద్దమ్మా?"

"ఎక్కడమ్మా... ఆ టెక్నీషియను రెండు నిమిషాలుండి పోయాడు. ఇక్కడ ఎక్కువసేపు నిలబడకూడదట."

ఇరవై నిమిషాలు అదమాల్సిన చోట రెండు నిమిషాలు. దెయ్యానికి జడిసి దెయ్యాన్ని తయారుచేసుకున్న మహానుభావులు వీళ్లు.

పెద్ద డాక్టరు వచ్చి, స్కానులో చూస్తూ సంచిలోకి మందు ఎక్కించాడు. లోపలి రక్తం గడ్డకట్టింది. బుస ఆగింది. పాదంలో నాడి బాగానే ఆడుతోంది.

అప్పుడు నర్సు మంచానికి వేలాడుతున్న చార్టు అందుకుంది. పావుగంటకోసారి గాయం చూసి రాయాల్సిన కాగితం అది. 'వాపు లేదు, నాడి బాగుంది' — అన్ని గళ్లలోనూ అదే మాట, పెద్ద నర్సు సంతకం... ఉదయం ఆరింటిదాకా.

గోడ గడియారంలో ఇంకా నాలుగు కాలేదు.

ఆమె చార్టు డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన ఆసాంతం చదివాడు. నుదుటి చెమట తుడుచుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"రేపే ఈ మంచం మార్పించేయండి."