పొడినేల మీద ఫోర్ వీల్

"ఈ సాయంత్రం ఐదింటికి డ్యామ్ గేట్లు పద్నాలుగూ ఒకేసారి తెరుచుకుంటాయి," అన్నాడు చీఫ్. "ఐదున్నరకి దిగువ ఊరు మునిగిపోతుంది. ఎనభై వేల జనం."

ఏజెంట్ గేరు బల్ల మీది మ్యాప్ వంక చూశాడు. ఆ ఎనభై వేల మందిలో అతనికి కనిపించింది ఒక్క మనిషే. నది ఒడ్డు వీధిలో, పచ్చ గేటున్న ఇంట్లో ఒంటరిగా ఉండే అక్క.

అతని అసలు పేరు డిపార్ట్‌మెంటులో ఎవరికీ గుర్తులేదు. ఏ బండినైనా నడపగలడు కాబట్టి గేరు అయ్యాడు. ఆ విద్య నేర్పింది బావ, అంటే అక్క భర్త. ఆయన డిపార్ట్‌మెంటు డ్రైవింగ్ మాస్టారు. ఏజెంట్లందరూ ఆయన చేత తిట్లు తిని నేర్చుకున్నవాళ్లే. మూడేళ్ల క్రితం ఆయన చనిపోయినప్పుడు పక్క సీట్లో కూర్చుని స్టీరింగ్ తిప్పుతున్నది గేరే. అప్పటినుంచి అక్క ఫోన్ చేసి ఒకే మాట అడుగుతుంది. "ఆఖరిగా ఏమన్నారా ఆయన?" గేరు ఏదో పనుందని ఫోన్ పెట్టేస్తాడు. మూడేళ్లుగా ఆ గేటు తీసి లోపలికి వెళ్లలేదు.

"ఇది విదేశీ గూఢచారుల రింగ్ పని," చీఫ్ మ్యాప్ మీద వేలు పెట్టాడు. "సిగ్నల్ పంపే వ్యాన్ పాత రాతి క్వారీ అడుగున ఉంది."

"ఆ క్వారీయా సార్?"

"ఆ క్వారీయే. భయమా?"

"లేదు సార్." నోరు అబద్ధం చెప్పింది. అరచేతుల్లో చెమట నిజం చెప్పింది.

"నువ్వు కిందికి దిగక్కర్లేదు. నీళ్ల క్యాన్ల బండివాడి వేషంలో కొండ పైదాకా వెళ్లు. నీలం మూత క్యాన్‌లో వ్యాన్ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ ఉంది. ఐదు లోపల దాన్ని కొమ్మున పెట్టు, అంతే. పోలీసులకి చెబితే రింగ్ ముందే గేట్లు తెరిచేస్తుంది. వైర్‌లెస్‌లో నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడకు. దారిలో మేడమ్ ఎక్కుతుంది. రింగ్‌లో మన మనిషి. కానీ లోలోపల వాళ్లకే పనిచేసే డబుల్ ఏజెంట్ అని నాకు ఖాయంగా తెలిసింది. పనయ్యాక ఆమె కొండ దిగకూడదు."

పిస్తోలు బల్ల మీద జరుపుతూ చీఫ్ చివరి మాట అన్నాడు. "పాత పికప్ తీసుకో. సర్వీసింగ్ అయ్యాక నెల రోజులుగా షెడ్డు దాటలేదు."

క్యాన్లు ఎక్కించిన పికప్‌ను గేరు షెడ్డు ముందున్న సిమెంటు ఆవరణలోకి తెచ్చి, గేటు వైపు తిప్పాడు. స్టీరింగ్ బిగుసుకుంది. టైర్లు కీచుమన్నాయి. బండి బలవంతంగా, మారాం చేస్తూ కదిలింది.

"ఒరేయ్, పొడినేల మీద ఫోర్ వీల్ వేసిన వెధవ ఎవడ్రా?"

గేరు ఉలిక్కిపడి పక్కకి చూశాడు. సీటు ఖాళీగా ఉంది. కాని లవంగం వాసన వస్తోంది. బావ చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు లవంగాలుండేవి.

పాఠం దానంతట అదే గుర్తొచ్చింది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, వెనకవి తక్కువ. నాలుగు చక్రాల్నీ ఇంజనే తిప్పే ఫోర్‌లో వేస్తే రెండు జతల్నీ ఒకే తాడుకి కట్టినట్టు. బురదలోనైతే కాస్త జారి సర్దుకుంటాయి. సిమెంటు మీద జారే చోటే లేదు. లోపల ఇనుము మెలితిరుగుతుంది. బురద దాటి రోడ్డెక్కగానే బండిని వెనక చక్రాల్నే తిప్పే టూలోకి మార్చడం బావ శిష్యులకు బూట్లు విప్పి ఇంట్లోకి వెళ్లినంత అలవాటు.

గేరు కిందికి చూశాడు. చిన్న లీవరు మామూలు వేగపు ఫోర్ హై మీద ఉంది. డాష్‌బోర్డు మీద వెలగాల్సిన దీపం ఎప్పుడో పోయింది. డిపార్ట్‌మెంటులో పోయినవేవీ తిరిగి రావు.

మూడేళ్లుగా అతను ఆ లీవరు ముట్టుకోలేదు. ఏ పనికైనా కారే అడిగేవాడు. ఇప్పుడు బండిని రెండడుగులు తిన్నగా వెనక్కి పోనిచ్చి, బిగువు సడలాక, టూలోకి లాగాడు. షెడ్డు దాటని బండి ఫోర్‌లో ఎందుకుంది? ఆ ప్రశ్న అతనితో పాటే గేటు దాటింది.

హైవే పక్క బస్టాపులో మేడమ్ నిలబడి ఉంది. పట్టు స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. బస్సు కోసం అయితే కాదని గుడ్డివాడైనా చెప్పగలడు.

"ఈ నీళ్లు చల్లగా ఉంటాయా?"

"చల్లబడటానికి టైము పడుతుంది."

"నాకేం తొందర లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె బావ సీట్లో కూర్చుని తలుపు వేసింది. కొంత దూరం పోయాక ముక్కు ఎగబీల్చింది.

"ఇక్కడెవరైనా లవంగం నమిలారా?"

గేరు కిటికీ అద్దం దించాడు. తనకొక్కడికే వస్తుందనుకున్న వాసన అది.

కొండ మొదట్లో వాన అందుకుంది. వంద గజాల అవతల తారు అయిపోయి ఎర్రమట్టి కనిపిస్తోంది. మూడేళ్ల క్రితం ఇలాంటి వానలోనే, క్వారీలోకి దిగేముందు, బావ చెప్పాడు. "ఇప్పుడే ఆపి లీవరు వెయ్యరా." గేరు నవ్వాడు. "ఇంకాస్త చూద్దాం బావా." సగం దిగాక వెనక చక్రాలు జారాయి. భయంతో బ్రేకు తొక్కాడు. లీవరు కోసం చెయ్యి చాపాడు. అప్పటికే బండి గాల్లో ఉంది. అడుగున పడ్డాక వైర్‌లెస్‌లో గొంతు చించుకుని అరిచాడు. చుట్టూ ఎనభై అడుగుల రాతి గోడలు. ఒక్క మాట బయటికి పోలేదు. బావ గంటసేపు బతికాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోకు," అంది పక్కనుంచి ఒక గొంతు. మేడమ్ పెదవులు కదల్లేదు.

తారు ఇంకా పది గజాలుండగా గేరు వేగం తగ్గించి, బండి తిన్నగా పోతుండగానే లీవరును ఫోర్ హైలోకి నెట్టాడు. ఠక్. నాలుగు చక్రాలూ మట్టిని కరిచిపట్టుకుని ఎక్కాయి. అతను మూడేళ్లకి ఊపిరి పీల్చుకున్నాడు.

కొండ కొమ్ముకి చేరేసరికి నాలుగూ నలభై ఎనిమిది. దూరాన డ్యామ్ తిన్నగా కనిపిస్తోంది. క్వారీలోకి తొంగిచూశాడు. వ్యాన్ లేదు. మనిషి లేడు. కాళ్ల కింద మట్టిలో మాత్రం వాన ఇంకా చెరపని నిన్నటి టైరు జాడలున్నాయి. వచ్చి, తిరిగి, వెళ్లిన జాడలు. మూడు టైర్లు అరిగినవి, ముందు ఎడమది కొత్తది, దాని మీద అడ్డగీతలు. గేరు తన పికప్ ముందు ఎడమ టైరు చూశాడు. కొత్తది. అడ్డగీతలు.

వెనక చిన్న చప్పుడైంది. మేడమ్ చేతిలో బుల్లి పిస్తోలు.

"డ్రైవరు మావాడే, క్యాన్ వాడే తెస్తాడు అన్నారు రింగ్‌వాళ్లు. డిపార్ట్‌మెంటులో దొంగ నువ్వేనన్నమాట."

"నిన్ను చంపమని నాకు చెప్పారు," అన్నాడు గేరు చేతులెత్తి. "ఇద్దర్నీ ఒకరి చేత ఒకర్ని చంపించే ఏర్పాటు. నిన్న ఎవడో చోటు చూసుకోవడానికి ఈ బండిలో ఇక్కడికొచ్చాడు. నడిపినవాడు బురద కడిగించాడు కానీ, లీవరు ఫోర్‌లోనే వదిలేసి సిమెంటు మీద పెట్టాడు. మా ఏజెంట్లలో ఎవడూ ఆ పని చెయ్యడు. మా బావ దగ్గర నేర్చుకోనివాడు డిపార్ట్‌మెంటులో ఒక్కడే. ఎప్పుడూ వెనక సీట్లో కూర్చునేవాడు."

"చీఫ్," అంది మేడమ్ నెమ్మదిగా.

ఆమె పిస్తోలు దించి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, చిన్న దీపం ఉంది. "జామర్ దగ్గర ఇది ఆరిపోవాలి." నీలం మూత క్యాన్ దగ్గర పెట్టింది. దీపం భగ్గున ఎర్రబడింది.

"ఇది జామర్ కాదు. ట్రాన్స్‌మిటర్ ఇదే. ఐదింటికి దానంతట అదే సిగ్నల్ పంపుతుంది. డిపార్ట్‌మెంటు స్ట్రాంగ్ రూమ్ నుంచి ఇది ఎవరికీ అనుమానం రాకుండా బయటికి రావాలంటే ఒక మిషన్ కావాలి. ఆ మిషన్ మనం."

"పగలగొడితే?"

"దెబ్బ తగిలిన క్షణమే సిగ్నల్ పోతుంది."

"గోతిలోకి విసిరితే పదడుగుల కిందున్న మెట్టు మీదే పడుతుంది. అక్కణ్నుంచీ డ్యామ్ కనిపిస్తుంది." గేరు క్వారీ అడుగు వైపు చూశాడు. "కానీ అడుగునుంచి ఏ మాటా బయటికి పోదు. నాకు తెలుసు. అడుగున వ్యాన్ ఉందన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది."

కిలోమీటరున్నర దిగుడు. ఐదింటికి ఇంకా తొమ్మిది నిమిషాలే. క్యాన్ మేడమ్ ఒళ్లో పెట్టుకుంది.

గేరు బండిని పూర్తిగా ఆపాడు. న్యూట్రల్. లీవరును వేగం తగ్గి పట్టు పెరిగే లో రేంజ్‌లోకి లాగాడు. నడుస్తూ మార్చేది కాదు అది, నిలబడే మార్చాలి. ఫస్ట్ గేరు. కాలు బ్రేకు మీదినుంచి తీసేశాడు.

"ఇంత నెమ్మదిగానా?" మేడమ్ గడియారం చూసింది.

"నాలుగు చక్రాలు బండిని లాగుతాయి కానీ ఆపవు. దిగేటప్పుడు పట్టుకునేది ఇంజనే."

ఇంజను మూలుగుతూ బండిని బిగబట్టింది. మొదటి మలుపు. రెండో మలుపు. నాలుగూ యాభై ఏడు. మూడో మలుపు దగ్గర కంచె ఇంకా విరిగే ఉంది. అక్కడ మట్టి పెచ్చు జారింది. బండి తోక లోయ వైపు తిరిగింది. మేడమ్ కెవ్వుమంది. గేరు కాలు బ్రేకు మీదికి వెళ్లింది.

దాని మీద మరో పాదం ఉన్నట్టు కాలు కిందికి దిగలేదు. లవంగం వాసన గుప్పుమంది.

"తొక్కకు. చూడు, అదే పట్టుకుంటుంది."

చక్రాలు ఒక రాయిని కరిచాయి. బండి తిన్నబడింది. నాలుగు యాభై తొమ్మిదీ నలభై సెకన్లకి రాతి గోడ నీడ బోనెట్ మీద పడింది. బండి అడుగు చేరింది. సరిగ్గా ఐదింటికి క్యాన్ లోపల టిక్కుమంది. లిప్‌స్టిక్ దీపం నిప్పుకణికలా వెలిగి ఆరిపోయింది.

ఇద్దరూ చెవులు రిక్కించారు. గేట్లు తెరిస్తే సైరన్ మోగాలి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. గేరు కేకను మింగేసిన గోడలు ఈసారి సిగ్నల్‌ను మింగేశాయి. అతను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పైకొచ్చాక గేరు లీవరును మళ్లీ ఫోర్ హైలోకి మార్చాడు. హైవే మీది మొదటి టెలిఫోన్ బూత్ నుంచి ఆమె చీఫ్ పైవాళ్లకి ఫోన్ చేసింది. చీఫ్‌ను అతని గదిలోనే, ఐదు దాటిన గడియారం చూసుకుంటుండగా పట్టుకున్నారు.

మేడమ్ దిగిపోయాక గేరు వానలోనే నది ఒడ్డు వీధికి బయల్దేరాడు. వాన ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోయింది. సందు మలుపు తిరుగుతుంటే టైర్లు కీచుమన్నాయి. పచ్చ గేటు తెరుచుకుంది. అక్క బయటికొచ్చింది. జుట్టు సగం తెల్లబడింది.

అతను దిగి, ఆమె అడగకముందే చెప్పేశాడు. "ఆఖరిగా ఆయన అన్నది, ముందే లీవరు వెయ్యమన్నానా లేదా అని. నేను వినలేదక్కా. నా వల్లే పోయాడు."

అక్క గేటు పట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పెదవుల మీద నవ్వులాంటిదేదో వచ్చింది.

"పోయేముందు కూడా పాఠమేనా ఈ మనిషికి!" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, బురద కారుతున్న పికప్ వైపు చూసింది. "లోపలికి తర్వాత వద్దువు గానీ, ముందు దాన్ని టూలోకి మార్చరా. మా వీధి సిమెంటు రోడ్డు."