దొరగారి నవ్వు

కుక్క నవ్వుతోందని టైలరు అనుకోవడంతోనే వచ్చింది తంటా అంతా.

ఆ కుక్క పేరు దొరగారు. అణిగిపోయిన ముక్కు, ముడతలు పడ్డ నుదురు, ఎవరో తన కుర్చీలో కూర్చున్నట్టు ఎప్పుడూ చిరాకు మొహం. టైలరు మేనత్తకి వాడంటే ప్రాణం. మామయ్య పోవడానికి ముందు ఏడాది తెచ్చిన కుక్క అది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆవిడ మాట్లాడే మాటలన్నీ దొరగారితోనే. తన పుట్టినరోజుకి దొరగారితో కలిసి ఫోటో దిగాలని ఆవిడ ముచ్చటపడి, "ఒరేయ్, వాడికో కోటు కుట్టరా," అంది. మేనల్లుడు కుట్టాడు. మామూలు కోటా? మెరూన్ రంగు వెల్వెట్, లోపల సాటిన్ లైనింగు, మెడ దగ్గర గట్టి కాలరు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. వెల్వెట్ కోటు ఒంటి వేడికి మెత్తబడితేనే భుజాల దగ్గర చక్కగా ఒదుగుతుందని టైలరు నమ్మకం. మనుషులకైతే తొడిగి కాసేపు కూర్చోబెడతాడు. దొరగారికీ అదే మర్యాద జరిగింది, మిట్టమధ్యాహ్నం, కొట్లో రేకుల కప్పు కింద, కాలుతున్న ఇస్త్రీపెట్టె పక్కన. పారిపోకుండా తలుపు కూడా మూశాడు మహానుభావుడు.

కాసేపటికి దొరగారు నోరు చెవులదాకా తెరిచి, నాలుక వేలాడేసి, హా హా హా అనడం మొదలుపెట్టారు. ఆ మొహంలో చిరాకు తప్ప ఎన్నడూ చూడని టైలరు మురిసిపోయి, ఫోటో తీసి అత్తకి పంపాడు. కింద, "కోటు బాగా నచ్చింది. దొరగారు నవ్వుతున్నారు," అని రాశాడు.

అప్పుడే తలుపు తోసుకుని ఒకమ్మాయి లోపలికొచ్చింది. చేతిలో జేబు చిరిగిన తెల్లకోటు. వీధి చివరి పశువుల ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు. టైలరు ఆమెని చూసి, పళ్ళ మధ్య గుండుసూది ఉన్న సంగతి మరిచిపోయి మాట్లాడబోయి, పెదవి గుచ్చుకుని ఆగిపోయాడు. ఆమె చూపు మాత్రం దొరగారి మీదే ఉంది.

"ఎంతసేపట్నుంచి ఇలా ఉన్నాడు?"

"నవ్వుతూనా? కోటు తొడిగిన దగ్గర్నుంచీ అండీ."

"ఇది నవ్వా?" ఆమె మోకాళ్ళ మీద కూర్చుని దొరగారి పెదవి పైకెత్తింది. "చిగుళ్ళు చూడండి, ఎంత ఎర్రగా ఉన్నాయో. చొంగ చూడండి, జిగురులా సాగుతోంది. వడదెబ్బ తగిలింది వీడికి."

"ఎండలోకే వెళ్ళలేదండీ. నీడపట్టునే ఉన్నాడు."

"ఈ నీడపట్టులో మీ చొక్కా పిండితే బకెట్టు నిండుతుంది. మనకి చెమటైనా పడుతుంది. కుక్కకి రొప్పడం ఒక్కటే దారి, ఈ చప్పిడి ముక్కుతో అదీ సరిగా కుదరదు."

దొరగారు లేచి నిలబడబోయి, తూలి, పక్కకి ఒరిగి పడిపోయారు. టైలరుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆమె చేతులు మాత్రం చకచకా ఆడాయి. బల్ల మీద కత్తెర అందుకుని కోటుని మెడ నుంచి తోకదాకా కత్తిరించేసింది.

"అయ్యో, ఆ కత్తెరతో బట్ట తప్ప ఇంకేదీ..."

"ఇది బట్టే కదా," అంటూనే మెడకున్న తోలు పట్టీని కూడా అదే కత్తెరతో తెగ్గోసింది. ఆ కత్తెర టైలరు తాతగారిది, దానికి కాగితం ముక్క కూడా తగలనివ్వడు. కానీ అప్పుడు ఆమె చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణానే అతను పీకల్లోతు ప్రేమలో పడ్డాడని నా అనుమానం.

"తలుపులు తెరవండి. ఫ్యాను ఇటు తిప్పండి. నీళ్ళు."

టైలరు పరిగెత్తి పక్క కొట్లోంచి ఐసు గిన్నె తెచ్చాడు.

"ఐసులో పెట్టకూడదు. చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే ఉండిపోతుంది. కుళాయి నీళ్ళు చాలు."

తడి తువ్వాలు తెచ్చి కప్పాడు.

"కప్పకండి. ఇంకో కోటు తొడిగినట్టవుతుంది."

గ్లాసు తెచ్చి నోట్లో పొయ్యబోయాడు.

"స్పృహ సరిగా లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీరు వాణ్ణి చంపడానికి కంకణం కట్టుకున్నారా?"

"మరి నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు, ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆమె అతన్ని మొదటిసారి తిన్నగా చూసింది. గొంతు కాస్త మెత్తబడింది. "ఆ ఇస్త్రీకి వాడే స్ప్రే సీసా ఉందిగా, దాంతో పొట్ట, తొడల లోపల, పాదాలు తడుపుతూ ఉండండి. నేను మగ్గుతో పోస్తాను. తర్వాత ఆస్పత్రికి మోసుకెళ్దాం."

చొక్కాలు తడిపే సీసాతో టైలరు దొరగారిని తడిపాడు. తర్వాత ఇస్త్రీ బల్ల కాళ్ళు మడిచి, దాని మీద దొరగారిని పడుకోబెట్టి, ముందు డాక్టరు, వెనక మెడలో టేపుతో టైలరు, వీధిన పడ్డారు. కొట్టు ముందు నిలబడ్డ ఒక పెద్దాయన, "ఎవరికి బాబూ?" అని గాబరాగా అడిగాడు. "దొరగారికండీ," అన్నాడు టైలరు. పాపం ఆయన టోపీ తీసి, వాళ్ళు కనుమరుగయ్యేదాకా తలవంచుకు నిలబడ్డాడు.

ఆస్పత్రిలో డాక్టరు థర్మామీటరు పెట్టింది, సెలైన్ ఎక్కించింది. వేడి దిగుతుండగానే తడపడం ఆపించింది, మరీ చల్లబడిపోయినా ప్రమాదమేనట.

"బతుకుతాడా?"

"బతికేలాగే ఉన్నాడు. కానీ లేచి తిరిగినంత మాత్రాన నమ్మకూడదు. లోపల కిడ్నీలకి దెబ్బ తగలొచ్చు. రేపటిదాకా ఇక్కడే ఉంచాలి."

టైలరు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. "వీడికేమన్నా అయితే మా అత్త ఎవరితో మాట్లాడుతుందండీ," అన్నాడు.

మాటల్లోనే అత్త వచ్చింది. కొట్టు ఖాళీగా కనబడేసరికి పెద్దాయన్ని అడిగి తెలుసుకుందట. జరిగింది సగమే తెలిసింది కాబోలు, ఫోను పట్టుకుని దొరగారి పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది. "ఇంత బాగా నవ్వినవాడికి ఇంతలో ఏమైందమ్మా? ఒరేయ్, మీ మామయ్య పోయాక వీడు నవ్వడం ఇదే మొదటిసారి. ఫోటో కట్టించి గోడకి పెట్టుకుందామనుకున్నానురా."

డాక్టరు టైలరు వైపు చూసింది. అతను తలూపి ఊరుకుంటే ఆ ఫోటో గోడెక్కేది.

"అత్తా, అది నవ్వు కాదు," అన్నాడు. "ఊపిరాడక నోరు తెరిచాడు. నాకు తెలియక ముచ్చటపడి ఫోటో తీశాను. తప్పు నాదే."

అత్త ఫోను బొడ్లో దోపుకుని, దొరగారి చెవి నిమిరి, చివరికి అంది. "నీకు ఎదురుగా ఉన్న ఆడపిల్ల నవ్విందో కోప్పడిందో కూడా తెలియదు కదరా. కుక్క నవ్వేం తెలుస్తుంది."

డాక్టరు గబుక్కున అటు తిరిగి సెలైన్ సీసా సర్దింది. సర్దాల్సిందేమీ లేదు.

మర్నాటికి దొరగారు కళ్ళు తెరిచి, అందరినీ యథాప్రకారం చిరాగ్గా చూశారు. అంతకంటే మంచి వార్త లేదంది డాక్టరు. ఇంటికెళ్ళాక కూడా రోజూ చూపించమంది. దొరగారు పూర్తిగా కోలుకున్నాక కూడా టైలరు రోజూ చూపిస్తూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం కుట్టిన జేబుతో ఆమె పాత తెల్లకోటూ, పలచటి నూలుబట్టతో కొత్తదీ ఆస్పత్రికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె కొత్తది తొడుక్కుని చూసుకుంది. అతికినట్టు సరిపోయింది.

"కొలతలు ఎప్పుడు తీసుకున్నారు?"

"ఇస్త్రీ బల్ల మోసినప్పుడు దారంతా మీ వెనకే ఉన్నానుగా. మొహం చూసే ధైర్యం లేక భుజాలు చూశాను."

"ఇంకాసేపు వేసుకుని ఉంటే ఒంటి వేడికి ఒదుగుతుందంటారా?"

"ఆ మాట జన్మలో అనను." గొంతు సవరించుకున్నాడు. "నాకు మీరంటే ఇష్టమండీ. తాతగారి కత్తెర తోలు మీద పెట్టినా ఇష్టమే."

ఆమె పెదవులు బిగించింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. టైలరు ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. ఎంత చూసినా పాలుపోలేదు.

"ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. ఇప్పుడు మీరు నవ్వుతున్నారా, కోపంగా ఉన్నారా, ఉక్కపోస్తోందా?"

కిటికీ బయటనుంచి అత్త గొంతు వినబడింది. "ఎంతసేపురా? దొరగారు విసుక్కుంటున్నారు. ఇంతకీ ఆ పిల్ల నవ్విందా?"

"నవ్వినట్టే ఉందత్తా."

"సరిగ్గా చూశావా? నీ చూపు నేను నమ్మను."

"ఈసారి సరిగ్గానే చూశారు అత్తయ్యగారూ," అంది డాక్టరు లోపల్నుంచి.