ఆర్నే వెయ్యని ఓటు

నార్త్ డకోటాలో గోధుమ చేల మధ్య ఉన్న ఆ బడికి పిల్లలు పదకొండు మంది, టీచరు ఒకరు, బోర్డు సభ్యులు ఐదుగురు. అంటే ఇద్దరు పిల్లలకు ఒక పెద్దమనిషి చొప్పున పెత్తనం నడుస్తోందన్నమాట.

టీచరు కారిన్‌కు ఆ సభ్యుల్లో నలుగురితో ఏ పేచీ లేదు. పేచీ అంతా ఐదోవాడు, కుర్ర రైతు ఆర్నే తోర్సెన్‌తోనే. బడి తెరిచిన మొదటి వారమే అతను కారే పైకప్పు బాగుచేస్తానని నిచ్చెన వేసుకొచ్చాడు.

"మీ పాఠం కప్పు మీదికి వినిపిస్తోంది. కాస్త నెమ్మదిగా చెప్పండి," అన్నాడు పైనుంచి.

"మీ సుత్తి నాకూ వినిపిస్తోంది. కాస్త నెమ్మదిగా కొట్టండి," అంది కారిన్.

అప్పటినుంచి ప్రతి శనివారం ఆ కప్పు ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంది, ఆర్నే నిచ్చెనతో వస్తూనే ఉన్నాడు. వాన పడని శనివారాల్లో కూడా.

ఫిబ్రవరిలో బోర్డు ముందుకు తీర్మానం వచ్చింది. బడి మూసేసి పిల్లల్ని నలభై మైళ్ళ అవతలి పట్నం బడికి బస్సులో పంపాలని. మూసేద్దామనేవాళ్ళు ఇద్దరు, వద్దనేవాళ్ళు ఇద్దరు. మిగిలింది ఆర్నే. మూస్తే కారిన్ పెట్టె సర్దుకుని మిన్నెసోటాలో అక్క ఇంటికి వెళ్ళిపోవాల్సిందే.

మీటింగు రోజు మధ్యాహ్నం ఉండబట్టలేక కారిన్ ఆర్నేను అడిగేసింది. "ఎటు వేస్తారు?"

"అదే తేలట్లేదు. ఆరో తరగతిలో ఉన్నది ఒక్క పిల్లే. పట్నంలో అయితే దానికీ స్నేహితులుంటారు."

"అయితే మూసేయమంటారు."

"అలా అన్లేదు."

"ఏదీ అనరు లెండి. కప్పు మీద ఉన్న నోరు కిందికి దిగితే ఉండదు మీకు."

పైకి దెప్పింది కానీ కారిన్‌కు లోపల భయంగా ఉంది. ఉద్యోగం పోతుందన్నది సగం భయమే. మిగతా సగం ఇక శనివారాలు ఉండవని.

బడి వదిలాక తరగతి గదిలోనే మీటింగు మొదలైంది. కారిన్ కూడా ఓ మూల కూర్చుంది. సభ్యులంతా పిల్లల కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డాలకు తగులుతుండగా కూర్చున్నారు. అధ్యక్షురాలు హౌగెన్ పెద్దమ్మ తీర్మానం చదివి ఓట్లు అడిగింది. అటు రెండు, ఇటు రెండు.

"నీ మాటేంటి అబ్బాయ్?"

ఆర్నే టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "నేను వెయ్యకూడదు పెద్దమ్మా. స్వలాభం ఉన్న సభ్యుడు తప్పుకోవాలని రూలుంది కదా."

"నీకేం లాభం? ఆ బస్సు గానీ నడుపుతావా?"

"లేదు. బడి ఉంటే టీచరుగారు ఉంటారు. అదే నా లాభం. పిల్లలకేది మంచిదా అని ఆలోచించడానికి కూర్చుంటే ఆవిడే గుర్తొస్తున్నారు. అలాంటివాడు ఓటేస్తే తప్పు."

పెద్దమ్మ రూల్సు పుస్తకం తెరిచి చూసింది.

"టీచరు నీకు చుట్టమా?"

"ఇంకా కాలేదు."

పెద్దమ్మ నవ్వు బిగబట్టుకుని బల్ల మీద తట్టింది. "ఓట్లు సమానం. తీర్మానం వీగిపోయింది. బడి ఉంటుంది."

మినిట్స్ రాస్తున్న సెక్రటరీ పెన్ను ఆపి తలెత్తాడు. "ఆర్నే తప్పుకోవడానికి కారణం ఏమని రాయమంటారు?"

అందరూ కారిన్ వైపు చూశారు. ఆమె ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

"స్వలాభమనే రాయండి," అంది కారిన్. "కానీ ఆయనొక్కరిదే అని మాత్రం రాయకండి."