నీల్స్ కొట్టం దగ్గర రెండో తూటా

పిల్లలూ, ముందు ఒక ప్రశ్న. చీకట్లో, మనుషుల్లేని చోట నడుస్తున్నవాడి చేతిలో రెండు కిలోల రివాల్వర్ ఉందనుకోండి. అతని భయం తగ్గుతుందా, పెరుగుతుందా? చేతులెత్తకండి. ఈ సాల్మన్ చేప ముక్కలు ఉప్పునీళ్ళలో నానేలోపు కథ వినండి.

నేను పాఠాలు చెప్పిన అలాస్కా ఊరికి మూడు మైళ్ళ ఎగువన, వాగు ఒడ్డున, నీల్స్ కొట్టం అని ఒకటుండేది. చేపలకు ఉప్పు పట్టించి పొగబెట్టే చెక్క కొట్టం. దాన్ని కట్టిన నీల్స్ ముసలాయన పోయి అప్పటికే ముప్పై ఏళ్ళు. బతికున్నన్నాళ్ళూ ఆయనకు తుపాకీ చప్పుడంటే ఒళ్ళుమంట. పోయాక కూడా ఆ మంట చల్లారలేదని ఊరంతా చెప్పుకునేవారు. పొద్దు వాలాక ఆ కొట్టంలోంచి కత్తితో చేప పొలుసు గీకుతున్న చప్పుడు వచ్చేది. గర్... గర్... గర్...

ఆ చప్పుడు మీదికి రివాల్వర్ పేలిస్తే — మొదటి తూటా పేలుతుంది. రెండోది పేలదు. నీల్స్ చల్లని చెయ్యి వచ్చి తూటాలు తిరిగే చక్రాన్ని పట్టుకుంటుంది...

ఇద్దరికి ఈ అనుభవం అయింది. ఇద్దరూ వేటగాళ్ళ సంఘంలో పెద్దలే, ఇద్దరివీ పెద్ద రివాల్వర్లే. చిన్న తుపాకులవాళ్ళను నీల్స్ ఎందుకో ఎన్నడూ ముట్టుకోలేదు.

ఇక లొవెల్ హాగెన్ సంగతి. లొవెల్ మా బడి బస్సు డ్రైవరు. మెత్తని మనిషి. పిల్లలు గోల చేస్తే బస్సు ఆపి కూర్చునేవాడే కాని గొంతెత్తేవాడు కాదు. అలాంటివాడు యాభై దాటాక, ఎలుగుబంట్ల కోసమని, చిటికెన వేలంత లావు గుండు పేల్చే ఐదు తూటాల రివాల్వర్ కొన్నాడు. గుండెల మీద తోలు పట్టీలో పెట్టుకుని తిరిగేవాడు. కిరాణా కొట్టుకు అదే, చర్చికి అదే. బూటు తాడు కట్టుకోవడానికి వంగితే దాని పిడి గడ్డానికి తగిలేది.

రెండేళ్ళలో దాన్ని పదకొండుసార్లు పేల్చాడు. పేల్చిన ప్రతిసారీ రెండు రోజులు ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినేవాడు. ఎలా ఉందని అడిగితే, హాయిగా ఉందనేవాడు. అతని భార్య మార్డెల్ ఒక్కసారి పేల్చి చూసి, దీన్ని మేకులు కొట్టడానికి ఉంచుకుంటే మేలని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తూటాలు పక్కింటి డ్యూయేన్ నింపి ఇచ్చేవాడు. తన గ్యారేజీలో ఒక మర బిగించుకుని, ఇత్తడి గొట్టాల్లో మందు పోసి, పైన గుండు కూర్చేవాడు. అంగట్లో తూటాలు ఆడపిల్లలకు పనికొస్తాయని ఆయన మాట. మందు పోయడంలో ఆయన చెయ్యి కొంచెం ధారాళం.

ఆ యేడు అక్టోబరులో లొవెల్ ఒక మూస్‌ను కొట్టాడు. గుర్రం కంటే ఎత్తుండే దుప్పి. కొట్టింది మామూలు రైఫిల్‌తోనే. రివాల్వర్ గుండెల మీద ఊరికే చూస్తూ కూర్చుంది. అక్కడి కట్టుబాటు ఏమిటంటే, మాంసమంతా ఇల్లు చేరాకే కొమ్ములు కదలాలి. మాంసం అడవిలో వదిలి కొమ్ములు తెచ్చుకున్నవాడికి వేట అనుమతి రద్దవుతుంది. అంతకన్నా ముందు పరువు రద్దవుతుంది.

పొద్దున్నించీ మొగుడూ పెళ్ళాలు మోస్తూనే ఉన్నారు. మార్డెల్ చివరి మోపుతో ముందు వెళ్ళిపోయింది. లొవెల్ దగ్గర మిగిలినవి ఒక వెనక కాలు, కొమ్ములు. రెండూ ఒక్కసారి రావు. ఇంటి ముందు డ్యూయేన్ కెమెరాతో నిలబడి ఉన్నాడని తెలుసు... ఆ కాలిని నీల్స్ కొట్టంలో దూలానికి వేలాడదీసి, లొవెల్ కొమ్ములు నెత్తినెత్తుకున్నాడు.

ఫోటోలు అయ్యేసరికి పొద్దు వాలింది. అప్పుడు అడిగింది మార్డెల్ — వెనక కాలు ఏదని.

ఇద్దరికీ చలికాలమంతా తిండి ఆ మాంసమే. రాత్రికి ఎలుగు వాసన పట్టిందంటే కాలు మిగలదు. పొద్దున వేట అధికారి కొమ్ములు చూసి మాంసం లెక్క అడిగాడంటే లొవెల్ మిగలడు. తను వెళ్ళి తెస్తాననీ, ఆమెను ఇంట్లో ఉండమనీ అన్నాడు.

"ఒక్కడివే మొయ్యగలవా?"

"రివాల్వర్ ఉందిగా."

"అది మోస్తుందా?"

ఇద్దరూ వెళ్ళారు.

వాగు దగ్గరికి చేరేసరికి చీకటి దిగింది. స్ప్రూస్ చెట్ల కింద అడుగు దూరం కనిపించడం లేదు. కొట్టం నల్లగా నిలబడి ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లొవెల్ గడియ వేసే వెళ్ళాడు...

గర్... గర్...

లొవెల్ ఆగిపోయాడు. "విన్నావా?"

"విన్నాను. పళ్ళ చప్పుడులా ఉంది."

"నీల్స్‌కి పళ్ళు లేవు," అన్నాడు గుసగుసగా.

మార్డెల్ సంచిలో లైటు కోసం తడుముతోంది. ఆగమని చెప్పింది. లొవెల్ ఆగలేదు. పట్టీ గుండీ ఊడదీశాడు, రెండు చేతులా ఎత్తాడు, కళ్ళు మూసుకున్నాడు —

మంట. కొండకూ కొండకూ మధ్య ఉరుము. రివాల్వర్ వెనక్కి ఎగిరి తుపాకీ గొట్టం నుదుటికి కొట్టుకుంది. లొవెల్ నాచు మీద కూలబడ్డాడు. చెవుల్లో ఈల. ఆ ఈల నెమ్మదిగా తగ్గి... తగ్గి... దాని వెనకనుంచి మళ్ళీ —

గర్... గర్...

మీట నొక్కాడు. కదల్లేదు. రెండు వేళ్ళతో నొక్కాడు. చక్రం తిరగలేదు. అప్పుడు తెలిసింది. చల్లగా, తడిగా, తన చేతి మీద ఇంకో చెయ్యి.

"మార్డెల్... పట్టుకున్నాడు."

"ఎవరు?"

"నీల్స్... చెయ్యి చల్లగా ఉంది..."

"అది నా చెయ్యి. తుపాకీ కిందికి దించు."

లైటు వెలిగింది. కొట్టంలో గోడ వారగా ఒక ముళ్ళపంది కూర్చుని చెక్క కొరుకుతోంది. ఏళ్ళ తరబడి చేపల ఉప్పు తాగిన చెక్క. దానికది మిఠాయి. వీళ్ళిద్దరినీ ఒకసారి చూసి, ఇంకో రెండు కొరుకులు కొరికి, తొందరేమీ లేకుండా బయటికి నడిచిపోయింది.

కాలు దూలానికే ఉంది. ఎలుగు ముట్టలేదు, ముళ్ళపంది ముట్టలేదు. కాని కాలి మంచి కండ మధ్యనుంచి, వెనక గోడలోంచి, పిడికిలి పట్టేంత కన్నం పొడిచింది లొవెల్ గుండు.

ఇంటికొచ్చి మార్డెల్ పది కిలోల చితికిన మాంసం కోసి పారేసింది. ఎముక ముక్కలు ఏరింది. ఆ తరవాత ఇద్దరూ చెక్క పుల్లతో గుళ్ళను లోపలికి నొక్కి, బిగిసిన చక్రాన్ని విప్పారు. పేలని తూటాలు నాలుగు. నాలుగింటి గుళ్ళూ ఇత్తడి గొట్టాల్లో వదులుగా ఆడుతున్నాయి.

ఇక్కడ కొంచెం ఆగుదాం. బస్సు ఉన్నట్టుండి ముందుకు దూకితే నిలబడ్డవాడు ఏమవుతాడు? వెనకబడిపోతాడు. వాడెక్కడున్నాడో అక్కడే ఉంటాడు, బస్సే కిందనుంచి జారిపోతుంది. రివాల్వర్ వెనక్కి దూకినప్పుడు లోపల మిగిలిన తూటాల సంగతీ అంతే. ఇత్తడి గొట్టం తుపాకీతో పాటు వెనక్కి పోతుంది, బరువైన గుండు ఉన్నచోటే ఉండిపోతుంది. గొట్టం అంచును గట్టిగా నొక్కి ఉంచకపోతే గుండు బయటికొచ్చి చక్రానికి అడ్డం పడుతుంది. చిన్న తుపాకీ అంత ఎగరదు కనక దానికి ఈ బాధ లేదు.

లొవెల్‌కు ఇంత వివరం అక్కరలేకపోయింది. రోజూ బస్సు నడిపేవాడు. నుదుటి మీద మంచు మూట పెట్టుకుని ఆ నాలుగింటినీ చాలాసేపు చూశాడు.

"ఆ పెద్దలిద్దరి తూటాలు ఎవరు నింపారు?" అడిగింది మార్డెల్.

"డ్యూయేనే."

"అయితే దెయ్యం ఉన్నది కొట్టంలో కాదు. పక్కింటి గ్యారేజీలో."

శనివారం సంఘం కూడింది. నుదుటికి కట్టుతో లొవెల్ లేచి నిలబడ్డాడు. నిజం చెబితే డ్యూయేన్ పరువు పోతుంది, పెద్దలిద్దరి పరువూ పోతుంది, తన మాంసాన్ని తనే కాల్చుకున్నవాడని చనిపోయేదాకా పేరుంటుంది. మార్డెల్ వంక చూడకుండా, గోడ వంక చూస్తూ, చల్లని చెయ్యి గురించి చెప్పాడు. ఒక్కరూ అనుమానించలేదు. కొందరు టోపీలు తీశారు.

మార్డెల్ లేచింది. కోటు జేబులోంచి నాలుగు తూటాలు తీసి బల్ల మీద వరసగా నిలబెట్టింది. ఒక్కొక్క గుండునూ వేలితో ఊపి చూపించింది. ఉప్పు చెక్క గురించి చెప్పింది, ముళ్ళపంది గురించి చెప్పింది, బస్సు గురించి చెప్పింది, ఆ చెయ్యి ఎవరిదో కూడా చెప్పింది.

డ్యూయేన్ ఒక తూటా అందుకుని, అటూ ఇటూ తిప్పి, మెల్లగా కింద పెట్టాడు.

చివరికి పెద్దలిద్దరిలో పెద్దాయన క్లారెన్స్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, నా రోజుల్లో నీల్స్ చక్రం ఒక్కటే పట్టుకునేవాడు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు గుళ్ళు కూడా పీకుతున్నాడన్నమాట..."

సంఘమంతా తలలూపింది. అందరికంటే ముందు ఊపింది లొవెల్.

సరే, మొదట అడిగిన ప్రశ్నకు జవాబు మీరు కూర్చుని ఆలోచించండి. సాల్మన్ ముక్కలు ఇంకా ఉప్పునీళ్ళలోనే ఉన్నాయి. ఇప్పుడు తీసి ఆరబెట్టకపోతే రేపు ఎవరి నోట్లోనూ పెట్టలేం.